పావురాల మధ్య క్లింకర్ బ్యాండు

కృపావతికి పంక్ అంటే ఏమిటో తెలియదు. ఏది పంక్ కాదో మాత్రం బాగా తెలుసు. ఇస్త్రీ చొక్కా పంక్ కాదు. పెళ్ళిలో వాయించడం పంక్ కాదు. గిటారుకి శ్రుతి సరిచూసుకోవడం పంక్ కాదని ఒకరంటారు, శ్రుతి లేకపోతే అది ఉత్త గోలేనని ఇంకొకరంటారు. ఈ పంక్ సంగీతం సంగతులన్నీ ప్రతి శనివారం సాయంత్రం పెరట్లో రేకుల షెడ్డు నుంచి ఆమె వంటింటి కిటికీలోకి వచ్చేవి. ఆమె ఉల్లిపాయలు తరుగుతూ వినేది. ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. మళ్ళీ ఏదైనా పాఠం విన్నదంటే ఇదే.

ఇల్లు జగ్గయ్యపేటలో, సిమెంటు లారీలు తిరిగే రోడ్డుకి దగ్గర్లో. భర్త డేవిడ్‌రాజు ఫ్యాక్టరీలో బస్తాలు నింపేచోట పనిచేస్తాడు. అక్కడి మిషన్ల చప్పుడుకి ఆయన చెవులు ఎప్పుడో సగం పోయాయి. కొడుకు షెడ్డులో బ్యాండు పెట్టుకుంటానంటే కాదనని తండ్రి ఊరు మొత్తం మీద ఆయనొక్కడే అవడానికి కారణం అదే.

ఆ కొడుకు శాంతికుమార్. ఇల్లు ప్రశాంతంగా ఉండాలని నాయనమ్మ పెట్టిన పేరు. తొమ్మిదో తరగతిలో వాడు చర్చిలో డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ఆ పైన పేరు ఆధార్ కార్డులోనే మిగిలింది. ఒక క్రిస్మస్‌కి సంఘమంతా మూడో చరణంలో ఉండగానే వాడు పాట ముగించేశాడు. పాస్టరు అయ్యగారు ప్రేమగానే దించేశారు. అప్పుడు డేవిడ్‌రాజు పండగ బోనసుతో విజయవాడ నుంచి పాత డ్రమ్ములు తెచ్చి షెడ్డులో పడేశాడు.

మిగతా ముగ్గురూ ఒక్కొక్కరే వచ్చి చేరారు. పక్క వీధి మోజెస్ కరెంటు పనులు చేస్తాడు, గిటారు వాయిస్తాడు. క్రిస్టీ ప్రైవేటు బళ్ళో లెక్కలు చెబుతుంది, పాట పాడుతుంది. పాడుతుందనే అనాలి, వేరే మాట లేదు గనక. రవితేజ వాళ్ళది చందర్లపాడులో భూములున్న కుటుంబం. అతనికి నందిగామలో సెల్‌ఫోన్ల షాపుంది, లావు తీగల గిటారుంది, బీరువా అంత స్పీకరు డబ్బా ఉంది. బ్యాండుకి క్లింకర్ అని పేరు పెట్టుకున్నారు. సున్నపురాయి కొలిమిలో కాలి, ఇంకా సిమెంటు కాకముందు గుండ్లు గుండ్లుగా ఉంటుంది చూడండి, అదే క్లింకర్. ఎందుకూ పనికిరాదు, ఎత్తి కొడితే మాత్రం తగులుతుంది. అందుకే ఆ పేరన్నాడు శాంతికుమార్.

"అసలేందిరా ఆ పంకు?" అని ఒకసారి కృపావతి అడిగింది.

"నచ్చనిదాన్ని నచ్చలేదని గట్టిగా చెప్పటమేనమ్మా. వాయించటం రాకపోయినా పర్లేదు."

"దానికి డ్రమ్ములెందుకురా? మీ నాయనమ్మ డ్రమ్ముల్లేకుండానే చెప్పేది."

వాడు ఆ మాట వెళ్ళి షెడ్డులో చెప్పాడు. వాళ్ళు దాని మీద చీకటి పడేదాకా వాదించుకున్నారు.

ఒకనాడు దండెం మీద చీరలకి పట్టిన సిమెంటు దుమ్ము దులుపుతూ ఆమె తనలో తను గొణుక్కుంది, ఎవడో ఇల్లు కట్టుకుంటుంటే ఆ ఇల్లంతా వచ్చి నా చీర మీద పడుతుందని. వారం తిరిగేసరికి క్రిస్టీ గొంతులో అది పాటయింది.

"ఉతికిన చీర మీద ఎవడి ఇల్లు ఇది?
దులిపితే పోదు, తడిపితే గోడ ఇది!"

తన మాటేనని కృపావతికి అర్థమైంది. అంత అరవాల్సిన సంగతేమీ కాదనుకుంది.

ప్యాంటు సంగతి కూడా చెప్పాలి. శాంతికుమార్ విజయవాడలో మోకాళ్ళ దగ్గర చిరుగులున్న జీన్సు ప్యాంటు కొనుక్కొచ్చాడు. పిచ్చివాడు, చిరిగింది అంటగట్టారు చూసుకోలేదనుకుని ఆమె డేవిడ్‌రాజు పాత ఫ్యాక్టరీ ప్యాంటు లోంచి గుడ్డ కత్తిరించి, రెండు మోకాళ్ళకీ అతుకులేసి, ఊడకుండా రెండు వరసల కుట్టు వేసింది. వాడు చూశాడు. అట్లాగే తొడుక్కుని షెడ్డులోకి పోయాడు.

"అయిపోయింది. ఇంక మనం పంక్ కాదు," అన్నాడు రవితేజ.

"కొన్న చిరుగు పంకా, అమ్మ కుట్టిన అతుకు పంకా?" అన్నాడు మోజెస్.

"రెండూ కాదు, నోరు మూసుకుని వాయించండి," అంది క్రిస్టీ.

కిందటేడు వానాకాలం శాంతికుమార్ నందిగామ నుంచి బండి మీద వస్తూ హైవే మీద ఆగి ఉన్న లారీని చూసుకోలేదు. ఒంటి మీద ఆ ప్యాంటే ఉంది. ఆస్పత్రి వాళ్ళు కత్తిరించి తీశారు. అతుకులు మాత్రం ఊడలేదని డేవిడ్‌రాజు ఇంటికొచ్చి చెప్పాడు. ఆ రోజు ఆయన చెప్పిన మాట అదొక్కటే.

చావింటికి వచ్చి ప్రార్థన చేసే ఆదరణ కూడికలు అయ్యాయి. బంధువులు వచ్చారు, ఏడ్చారు, తిన్నారు, వెళ్ళారు. కృపావతి ఎక్కువ ఏడవలేదని కొందరు చెప్పుకున్నారు. అది నిజమే. ఆమెకి జనంలో తుమ్ము కూడా సరిగ్గా రాదు. డ్రమ్ముల మీద పాత చీర కప్పింది. ఆ తర్వాత శనివారాలు సాయంత్రం నాలుగింటికి మొదలై ఎంతకీ అయిపోయేవి కావు.

కొన్ని వారాలకి ఆ ముగ్గురూ మళ్ళీ వచ్చారు. వాయించలేదు. ఊరికే కూర్చున్నారు. ఇంకో వారానికి మోజెస్ గిటారు తీశాడు. ఆ పై వారానికి వాదన మొదలైంది. అది కిటికీలోంచి వినబడిన రోజు కృపావతి ఉల్లిపాయలు అవసరానికి మించి తరిగింది. పకోడీలు వేసి షెడ్డు గుమ్మంలో పెట్టి వచ్చేసింది. మీరు వస్తూ ఉండండర్రా అని అనాలనుకుంది. అలాంటి మాటలు ఆమెకి నోటి దాకా వస్తాయి, అక్కడ ఆగిపోతాయి.

ఈ ఏడు సంవత్సరీకం జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడుతుండగా షెడ్డులో వాదన రకం మారింది.

"నందిగామలో పెళ్ళిళ్ళ ట్రూపు వాళ్ళు రమ్మంటున్నార్రా," అన్నాడు రవితేజ. "రిసెప్షన్లకి. వచ్చే నెల ఒకటి కుదిరింది కూడా. డ్రమ్ములక్కర్లేదు, ప్యాడ్ మిషన్ ఉంది వాళ్ళకి."

"మిషనా?" అంది క్రిస్టీ. "శాంతిగాడి చోట మిషనా?"

"ఇక్కడ కాదే బాబూ, అక్కడ."

"నువ్వక్కడికి పోతే ఇక్కడేముంటది? ఇద్దరం కూచుని బైబిలు పజిల్స్ ఆడుకోవాలా?"

"డ్రమ్మర్ లేకపోయినా బ్యాండు బ్యాండే," అన్నాడు మోజెస్. "ఏది లేకపోయినా ఆగకపోవటమేగా పంకు."

"ఆగాల్సినప్పుడు ఆగటం కూడా పంకే," అంది క్రిస్టీ. "వాడు లేకుండా సాగదీసి, కూడికలో అయ్యగార్ని పర్మిషన్ అడిగి, మెల్లిగా ఒక్క పాట వాయించుకోండమ్మా అంటే తలూపి... ఇది పంకా? కూడికకి వాయిద్దాం. అది ఆఖరు. ఆ వచ్చే శనివారం ఎవరి సామాను వాళ్ళు తీసుకుపోదాం."

కిటికీ ఇవతల కత్తిపీట ఆగింది. తర్వాత మోజెస్ వంటింటి గుమ్మంలోకి వచ్చాడు.

"పెద్దమ్మా, డ్రమ్ములు మాత్రం మీ ఇష్టం. చర్చికిచ్చినా సరే."

"చూద్దాంలేరా," అంది కృపావతి. వాడు వెళ్ళాక కత్తిపీట మడిచి గోడకి ఆనించింది. ఆ రోజు పకోడీలు లేవు.

కూడికకి ఫ్లెక్సీ చేయించే పని ఆమె మీద పడింది. డేవిడ్‌రాజుకి పగటి షిఫ్టు. బస్టాండు దగ్గర సతీష్‌బాబు ఫ్లెక్సీల షాపుకి ఫోటో పట్టుకుని వెళ్ళింది. శాంతికుమార్ నవ్వుతున్న ఫోటో ఇంట్లో ఒకటే ఉంది. షెడ్డు ముందు నలుగురూ నిలబడి తీయించుకున్నది. వాడు మోజెస్ భుజం మీద చెయ్యి వేసి పళ్ళన్నీ బయటపెట్టి ఉన్నాడు. మిగిలిన ఫోటోల్లో బ్యాంకు లోనుకి వచ్చినట్టుంటాడు.

సతీష్‌బాబు కంప్యూటర్లో ఫోటోని పెద్దది చేశాడు. "బాబు ఒక్కణ్ణే కట్ చేసి పెడతానమ్మా."

"చెయ్యి?"

"చెయ్యి పక్కబ్బాయి మీదుంది కదమ్మా. మోచేతి కాడికి వస్తది. కనపడకుండా మబ్బులేసి కవర్ చేస్తా."

కృపావతి తెర వంక చూసింది. అతను మౌసుని కదిపినప్పుడల్లా కొడుకు మోచేతి దగ్గర గీత ఒకటి వెళ్ళి వస్తోంది.

"వద్దు బాబూ," అంది. "కోయొద్దు. ఎవర్నీ కోయొద్దు. ఉన్నది ఉన్నట్టు వెయ్యి. క్లింకర్ అని కూడా వెయ్యి, వాడికిష్టం."

సతీష్‌బాబు పద్ధతి గల మనిషి. పుట్టినరోజు ఫ్లెక్సీకి బెలూన్లు, నాయకుల ఫ్లెక్సీకి సింహం, జ్ఞాపకార్థ కూడికకి మబ్బులు, కొవ్వొత్తులు, పావురాలు, ఫోటో చుట్టూ తెల్ల గులాబీల దండ. దండ ఎవరి చుట్టూ వెయ్యాలని అతను అడగలేదు. ఫోటో చుట్టూ వేశాడు. పైన "ప్రభువునందు నిద్రించిన" అనీ, కింద పెద్దక్షరాల్లో "శాంతికుమార్, క్లింకర్ బ్యాండు" అనీ, ఆ కింద కూడిక తేదీ వేశాడు. ముద్రయ్యాక పరిచి చూపించాడు. కృపావతి వంగి చూసింది. చెయ్యి పూర్తిగా ఉంది. వేళ్ళు కూడా ఉన్నాయి.

"బాగుంది బాబూ," అంది.

ఒకటి వాళ్ళ వీధి మొదట్లో కట్టారు. రెండోది నందిగామ బస్సులో పంపితే అక్కడ శాంతికుమార్ స్నేహితులెవరో సెంటర్లో కట్టారు. వాడికి అక్కడా తెలిసినవాళ్ళున్నారు మరి.

మర్నాడు పొద్దున మోజెస్ ఒకరింట్లో నిచ్చెనెక్కి ఫ్యాను బిగిస్తుంటే, ఆ ఇంటాయన వీధి మొదట్లో పేపరు కొనుక్కుని లోపలికొస్తూ వాణ్ణి చూసి, పేపరు గుండెలకి హత్తుకుని అట్లాగే కూర్చుండిపోయాడు. క్రిస్టీ బడికి అయిదు నిమిషాలు ఆలస్యంగా వెళ్ళేసరికి ప్రార్థనలో అందరూ తలలు వంచి మౌనంగా నిలబడి ఉన్నారు. ఆమె కూడా వరస చివర నిలబడి తల వంచింది. ఎవరు పోయారు పాపం అని పక్క టీచర్ని గుసగుసగా అడిగింది. ఆ టీచరు తలెత్తి చూసి పెట్టిన కేకకి ఒకటో తరగతి పిల్లలు ఏడ్చారు.

రవితేజ షాపు తీయకముందే షట్టరు దగ్గర ఎవరో రెండు బంతిపూలు పెట్టి వెళ్ళారు. పదింటికి ట్రూపు వాళ్ళు ఫోన్ చేశారు. పెళ్ళికూతురి మేనత్త సెంటర్లో ఫ్లెక్సీ చూసిందట. పొరపాటని ఎంత చెప్పినా వినలేదట. దండేసిన ఫోటోలోని మనిషొచ్చి మా పిల్ల పెళ్ళిలో వాయించటమేంటి, బతికున్నా సరే వద్దందట. ఈ పెళ్ళికే కాదు, జనం ఆ పావురాల్ని మర్చిపోయేదాకా ఏ శుభకార్యానికీ వద్దులే తమ్ముడూ అని ట్రూపాయన కూడా అన్నాడు.

మధ్యాహ్నానికి కృపావతి ఇంటి ముందు కారాగింది. రవితేజ తల్లి భారతీదేవి దిగింది. వెనక రవితేజ. వాళ్ళని చూసి మోజెస్, క్రిస్టీ కూడా గేటు దగ్గరికి వచ్చారు. అప్పటికే ఇద్దరూ షెడ్డులో ఉన్నారు.

"నా కొడుకు పొద్దున ఇడ్లీలు తిన్నాడండి," అంది భారతీదేవి గుమ్మంలోనే. "ఎనిమిది తిన్నాడు. వాడికి దండేశారేంటండి? మా ఆడపడుచు చందర్లపాడు నుంచి ఏడ్చుకుంటా ఫోను. నేను తలస్నానం చెయ్యాలా వద్దా అని అడుగుతుందండి!"

కృపావతి లోపలికి వెళ్ళి అసలు ఫోటో తెచ్చి ఆమె చేతిలో పెట్టింది.

"మావాణ్ణి ఒక్కణ్ణే కోస్తే చెయ్యి తెగుతదన్నాడండి ఆ అబ్బాయి," అంది. "అందుకని కోయొద్దన్నానండి. మీవాడి సంగతి ఆలోచించలా. తప్పే."

భారతీదేవి ఫోటో చూసింది. శాంతికుమార్ చేతిని మోచేతి నుంచి వేళ్ళ దాకా చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అరుగు మీద కూర్చుంది.

"మావాడి కాలరు చూడండి, ఎట్లా ఉందో," అంది చివరికి. "ఫోటో తీసేవాడైనా చెప్పొద్దూ." ఫోటో తిరిగిచ్చేస్తూ, "పోయాడని పుకారు పుడితే ఆయుష్షు పెరుగుద్దంటారులెండి. ఉండనీయండి కూడికయ్యేదాకా. కొంచెం మంచినీళ్ళిప్పించండి."

కృపావతి నీళ్ళిచ్చింది, టీ పెట్టింది. అవతల అప్పటికే వాదన మొదలైంది.

"ఒరే, తన చావుకి తనే ఫ్లెక్సీ వేయించుకున్న బ్యాండు ప్రపంచంలో ఉందా?" అంటున్నాడు మోజెస్. "ఇంతకన్నా పంకేముంటదిరా?"

"మనం వేయించలేదు. పొరపాటున అయింది. పొరపాటు పంక్ కాదు," అంది క్రిస్టీ.

"నా పెళ్ళిళ్ళ పని పోయింది, దాని గురించి మాట్లాడండ్రా ఎవరైనా," అన్నాడు రవితేజ.

"అది మాత్రం పంకే," అన్నారు ఇద్దరూ.

"పంకంటే ఏంటండీ?" అని భారతీదేవి కృపావతిని అడిగింది.

"నాకూ తెలీదండి. ఇస్త్రీ చొక్కా మాత్రం కాదు."

కూడికకి అనుకున్నదానికి రెట్టింపు జనం వచ్చారు. సగంమంది శాంతికుమార్ కోసం, సగంమంది మిగతా ముగ్గురూ ఉన్నారో లేరో చూసి పోదామని. షామియానా చాలక ఎండలో నిలబడ్డారు. అయ్యగారు వాక్యం చెప్పి, బ్యాండు పిల్లలు మెల్లిగా ఒక్క పాట పాడతారన్నారు. డ్రమ్ముల దగ్గర ఎవరూ లేరు. క్రిస్టీ మైకు చేత్తో పట్టుకుని అటు చూసింది, ఇటు చూసింది, పోయి డ్రమ్ముల వెనక కూర్చుంది.

"నీకు రాదుగా!" అన్నాడు రవితేజ.

"రాదు," అని ఆమె మొదలుపెట్టింది.

ఉతికిన చీర పాట. ఆమె చేతులు ఒకచోట, గొంతు ఒకచోట, గిటార్లు ఇంకోచోట ఉన్నాయి. పాట మధ్యలో ఆగినప్పుడల్లా అయిపోయిందనుకుని అయ్యగారు "ఆమేన్" అన్నారు. అన్నప్పుడల్లా అది ఇంకా గట్టిగా మొదలైంది. ముందు వరస ముసలమ్మలు కొంగులు చెవుల మీద పెట్టుకున్నారు గానీ లేచిపోలేదు. 'తడిపితే గోడ ఇది' దగ్గర రోడ్డు వైపు ఇళ్ళవాళ్ళు కొందరు తలలూపారు. దుమ్ము అందరి చీరల మీదా పడేదే.

కృపావతి వంటల దగ్గర గరిట పట్టుకుని నిలబడి వింది. అందరి కంటే ముందు పాట ముగించేవాడు వాడు. ఇప్పుడు అందరూ ఆగాక కూడా క్రిస్టీ ఇంకో రెండు దెబ్బలు వేసింది. కృపావతి కళ్ళు తుడుచుకుంటే, పొగ వస్తుందా అక్కా అని పక్కనున్నావిడ కట్టెలు వెనక్కి లాగింది.

"మెల్లిగా అన్నాం కదా డేవిడ్‌రాజుగారూ?" అన్నారు అయ్యగారు భోజనాల దగ్గర.

"మెల్లిగానే ఉందండయ్యగారూ," అన్నాడు డేవిడ్‌రాజు. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఆ శనివారం రానే వచ్చింది. సామాను తీసుకుపోయే రోజు. పొద్దుటి నుంచీ ముసురు. రవితేజ స్పీకరు డబ్బా కోసం ఆటో మాట్లాడుకుని వచ్చాడు. క్రిస్టీ మైకు తీగ చుడుతోంది. కిటికీలోంచి మాటలేమీ వినబడటంలేదు. కృపావతి ఒక ఉల్లిపాయ తీసుకుని, తరగకుండా చేతిలో పట్టుకుని కూర్చుంది.

అంతలో వాన పెద్దదయింది. ఎండాకాలంలో కోతులు దూకి పగలగొట్టిన రేకు లోంచి నీళ్ళు సరిగ్గా డ్రమ్ముల మీద ధారకట్టాయి. మోజెస్ కేకేశాడు. ముగ్గురూ డ్రమ్ముల్ని పక్కకి లాగారు. లాగటానికి చోటెక్కడ, స్పీకరు డబ్బా అడ్డం.

"పైన కప్పటానికి ఏమన్నా ఉందా పెద్దమ్మా?"

ఉన్నదొకటే. కూడికయ్యాక విప్పి మడతపెట్టిన ఫ్లెక్సీ. జగ్గయ్యపేటలో ఏ ఫ్లెక్సీకైనా ఆఖరికి అదే గతి, నాయకుడిదైనా నవ్వేవాడిదైనా కట్టెల మీదికో కప్పు మీదికో పోవాల్సిందే. కృపావతి తెచ్చిచ్చింది. మోజెస్ నిచ్చెన వేసి పైకెక్కాడు. పగిలిన రేకు ముక్కలు లాగేసి, కింద ఉన్నవాళ్ళకి వినబడేట్టు అరిచాడు.

"బొమ్మ ఎటు పెట్టాలి?"

"పైకి పెట్టరా," అంది క్రిస్టీ. "మేడల మీది నుంచి ఊరంతా చూస్తారు. అదే పంకు."

"ఊరు ఒకసారి చూసింది చాలు," అన్నాడు రవితేజ. "లోపలికి పెట్టు."

"లోపల పెట్టుకుని దాచుకునేది పంకెట్లా అయిద్ది?"

"అరే, తడుస్తున్నాన్రా ఇక్కడ, తొందరగా తేల్చండి!"

తేలలేదు. పైనున్నవాడు తడుస్తున్నాడు, కిందున్నవాళ్ళు వాదిస్తున్నారు. ఆటో అతను గేటు దగ్గర హారను కొడుతున్నాడు. కృపావతి కొంగు నెత్తిమీద వేసుకుని షెడ్డు గుమ్మం దాకా వచ్చింది.

"లోపలికే," అంది.

ముగ్గురూ ఆగారు. షెడ్డు వాదనలో ఆమె గొంతు కలపడం అదే మొదలు.

"బయటికి పెడితే ఎండకి వెలిసిపోతాడు," అంది.

మోజెస్ ఫ్లెక్సీ తిరగేసి బిగించి కట్టాడు. కింద నుంచి చూస్తే కన్నం నిండా నలుగురూ, చుట్టూ పావురాలు. వాన పైన పడుతుంటే శాంతికుమార్ ముఖం కొంచెం కొంచెంగా కదులుతోంది.

"లోపలుంటే ఎవరు చూస్తారు పెద్దమ్మా?" అన్నాడు మోజెస్ నిచ్చెన దిగుతూ.

మాట ఆమె నోటి దాకా వచ్చింది. ఎప్పటిలాగే అక్కడ ఆగింది. ఉల్లిపాయ ఇంకా చేతిలోనే ఉందని చూసుకుంది.

"మీరొస్తారుగా," అంది, ఉల్లిపాయతో చెప్పినట్టు.

వాన రేకుల మీద దబదబా కొడుతోంది. క్రిస్టీ చుట్టిన తీగ చేతిలో పట్టుకుని పైకి చూస్తూ ఉండిపోయింది. రవితేజ గొడుగేసుకుని గేటు దాకా వెళ్ళాడు, ఆటో అతనితో ఏదో చెప్పాడు. ఆటో తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. అతను వెనక్కి వచ్చి, స్పీకరు డబ్బా తడి తుడిచి, తీసిన ప్లగ్గు మళ్ళీ పెట్టి, గిటారుకి శ్రుతి చూసుకోవడం మొదలుపెట్టాడు.

"అది పంక్ కాదు," అంది క్రిస్టీ, డ్రమ్ముల వెనక కూర్చుంటూ.

కృపావతి వంటింట్లోకి వెళ్ళి, కత్తిపీట వాల్చుకుని, బుట్టలోంచి ఇంకో నాలుగు ఉల్లిపాయలు తీసింది.